అశ్రమం అనే గుణం: నాట్యలక్షణంలో, విమర్శలో నర్తకి శరీరం

వ్యాససంగ్రహం: నర్తకికి ఉండవలసిన ప్రాణాల్లో ఒకటిగా అభినయదర్పణం ‘అశ్రమం’ అనే గుణాన్ని చెప్పింది. ఆ గుణాన్ని మన నాట్యవిమర్శ అర్థం చేసుకున్న తీరు వల్ల నర్తించే శరీరపు నొప్పికి విమర్శభాషలో చోటు లేకుండా పోయిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు నాట్యశాస్త్రంలోని వ్యాయామవిధిని, కూచిపూడి అభ్యాసాన్ని, రెండు తెలుగు చలనచిత్రాలను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అశ్రమం, సౌష్ఠవం, వ్యాయామవిధి, కూచిపూడి, ఫిజియోథెరపీ, మయూరి.

1. అశ్రమం అంటే

జవం, స్థిరత్వం, రేఖ, భ్రమరి, దృష్టి, అశ్రమం, మేధ, శ్రద్ధ, వాక్కు, గీతం. ఈ పదింటినీ నందికేశ్వరుడు పాత్రప్రాణాలన్నాడు. వీటిలో తొమ్మిదింటిని నర్తకి సాధించాలి, లేదా కలిగి ఉండాలి. అశ్రమం ఒక్కటే అభావరూపంలో చెప్పిన గుణం. అలసట లేకపోవడమా, అలసట కనిపించకపోవడమా అన్నది ఆ పదంలో తేలదు. మొదటి అర్థం తీసుకుంటే అది శరీరస్థితి: తగిన అభ్యాసం, ఆహారం, విశ్రాంతి ఉన్న దేహానికి దక్కే ఫలితం. రెండవ అర్థం తీసుకుంటే అది ప్రేక్షకుని కోసం చేసే సంగోపనం.

మన పత్రికల్లో వచ్చే నాట్యసమీక్షలు రెండవ అర్థాన్నే స్థిరపరచాయి. ‘అలవోకగా నర్తించింది’, ‘అలుపెరుగక ఆడింది’, ‘చిరునవ్వు చెరగనీయలేదు’ వంటి మాటలు లేని సమీక్ష అరుదు. అలవోక అన్న మాట అందమైనదే. అయితే ఆ అలవోక వెనుక మోకాలు ఏమి మోస్తున్నదో అడిగే మాట మన విమర్శ పరిభాషలో లేదు.

అభినయదర్పణం వర్జనీయ పాత్రల పట్టికను కూడా ఇచ్చింది. మిక్కిలి స్థూలమైనవారు, మిక్కిలి కృశించినవారు, అతిదీర్ఘులు, అతివామనులు, గూనివారు పాత్రత్వానికి తగరు. ఈ పట్టికలో ఉన్నవి చాలావరకు శరీరంతో వచ్చిన లక్షణాలు. అభ్యాసం వల్ల శరీరానికి కలిగే హాని ఇందులో లేదు. అలగం, కర్తరి, అశ్వం, మోటితం, కృపాలగం అని 5 ఉత్ప్లవనాలను గ్రంథం వివరించింది. ఎగిరే రీతిని, చేతి ముద్రను చెప్పింది. నేలకు దిగే రీతిని చెప్పలేదు. గాయాలు ఎక్కువగా జరిగేది దిగేటప్పుడే. లక్షణకారుడు వైద్యుడు కాడు కనుక దీన్ని లోపమని అనలేము. కాని ఆ గ్రంథాన్ని అభ్యాసానికి పూర్తి ప్రమాణంగా తీసుకోవడం తరువాతివారి లోపమే.

2. భరతుని వ్యాయామవిధి

నందికేశ్వరుడు వదిలిన చోటు భరతునిలో ఖాళీగా లేదు. నాట్యశాస్త్రపు చారీవిధానాధ్యాయం చివర వ్యాయామం గురించిన కొద్దిపాటి శ్లోకాలున్నాయి. వాటిపై రావలసినంత చర్చ తెలుగులో రాలేదు. అభ్యాసానికి ముందు నువ్వుల నూనెతో గాని యవల గంజితో గాని దేహాన్ని మర్దించుకోవాలని, వ్యాయామానికి నేలే తల్లి కనుక నేలపై దేహాన్ని చాచి అభ్యసించాలని అక్కడ ఉంది. దేహబలం కోసం నస్యం, వస్తి, స్నిగ్ధమైన ఆహారం, మాంసరసం చెప్పబడ్డాయి. ఆకలిగా ఉన్నప్పుడు, దాహంగా ఉన్నప్పుడు, అతిగా తిన్నప్పుడు, బాగా అలసినప్పుడు వ్యాయామం చేయకూడదన్న నిషేధమూ ఉంది. అలసినవారిని ఆపమని చెప్పిన శాస్త్రానికి శ్రమ అంటే ఏమిటో తెలుసు. ఈ విధితో కలిపి చదివితే అశ్రమానికి మొదటి అర్థమే సమంజసమని నా అభిప్రాయం.

అక్కడే ఉన్న సౌష్ఠవ లక్షణం మరింత ఆసక్తికరం. కటి చెవికి సమరేఖలో ఉండాలి. మోచేతులు, భుజాలు, శిరస్సు సమంగా ఉండాలి. వక్షం ఉన్నతంగా ఉండాలి. నేటి ఫిజియోథెరపిస్టు రోగిని పక్కనుంచి నిలబెట్టి చూసేటప్పుడు చెవి, భుజం, తుంటి ఒకే నిలువుగీతపై ఉన్నాయా అనే పరీక్షిస్తాడు. గీత తప్పినచోట ఏ కండరం బిగిసిందో, ఏది బలహీనపడిందో వెదుకుతాడు. భరతుడు శోభ కోసం చెప్పినదాన్ని ఇతడు ఆరోగ్యం కోసం చూస్తున్నాడు. చూసే దేహరేఖ ఇద్దరికీ ఇంచుమించు ఒకటే. సౌష్ఠవాన్ని అలంకారపదంగా మాత్రమే వాడే మన విమర్శకులు ఈ బంధుత్వాన్ని గమనించలేదు.

మర్దన సంప్రదాయం కేరళలో వ్యవస్థగా నిలిచింది. కథకళి విద్యార్థులకు వర్షాకాలంలో గురువు నూనె పట్టించి కాళ్ళతో మర్దించే ‘ఉళిచ్చిల్’ శిక్షణలో భాగం. కూచిపూడి శిక్షణలో దానికి సమానమైన అంగం కనిపించదు.

3. అరమండి, నేల, గజ్జె

కూచిపూడిలో పాదాలు పక్కలకు తిరిగి, మోకాళ్ళు వంగిన స్థితి నుంచే అడుగులు పుడతాయి. ఈ తిరగడం ప్రధానంగా తుంటి కీలు నుంచి రావాలి. ఆ కీలు ఎంత తిరుగుతుందన్నది కొంతవరకు ఎముకల అమరికను బట్టి ఉంటుంది. అందరికీ ఒకేలా ఉండదు. తుంటి తిరగనంత మేర పాదాన్ని బలవంతంగా తిప్పితే ఆ మెలిక మోకాలిపైనా చీలమండపైనా పడుతుంది. మోకాలు ప్రధానంగా తలుపుబందు వలె ముందువెనుకలకు కదిలే కీలు. మెలిక మోయడం దాని పని కాదు. అరికాలి వంపు లోపలికి కుంగుతుంది, మోకాలిచిప్ప వెనుక నొప్పి మొదలవుతుంది. ‘ఇంకా కూర్చో’ అన్న గురువు ఆజ్ఞకు శిష్యురాలు నడుమును ముందుకు వంచి సమాధానం చెబుతుంది. అప్పుడు చెడేది సౌష్ఠవం. ఈ దోషాన్ని గుర్తించడానికి వైద్యశాస్త్రం చదవనక్కరలేదు. రేఖను చూడగల విమర్శకునికి చాలు.

నేల మారిన సంగతి కూడా విమర్శలో నమోదు కాలేదు. భాగవతులు ఊరి వీధుల్లో, పందిరి కింద మట్టినేలపై ఆడిన కళ ఇది. 20వ శతాబ్దంలో అది సభావేదిక ఎక్కింది. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి స్త్రీలకు నేర్పడం, వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి అడుగులను క్రమబద్ధం చేయడం చరిత్రలో ప్రముఖంగానే ఉన్నాయి. సిమెంటు, టైల్సు, గ్రానైటు నేలపై వట్టిపాదంతో, గజ్జెల బరువుతో వేలసార్లు తట్టడం మాత్రం చరిత్రకెక్కలేదు. మట్టి కొంత అదురును మింగుతుంది. రాయి మింగదు, అది పిక్క ఎముకకు, ముంగాలి సన్నని ఎముకలకు తిరిగి వస్తుంది. నొప్పిని లెక్కచేయక సాగిస్తే ఎముకపై సన్నని పగుళ్ళు ఏర్పడవచ్చు. అమెరికాలో కారు షెడ్డులో, ఇంటి నేలమాళిగలో వారాంతపు తరగతులకు వెళ్ళే తెలుగు పిల్లల సమస్య కూడా ఇదే. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచుపై నిలిచినప్పుడు శరీరభారమంతా అరికాలిలోని ఇరుకైన భాగంపై పడుతుంది. దానికి చప్పట్లు కొట్టే ముందు ఆ పాదం ఎన్నేళ్ళ వయసుదో అడగడం విమర్శకుని బాధ్యత.

ఇక్కడ వైద్యునికీ నాట్యభాష అవసరం ఉంది. నర్తక వైద్యాన్ని ప్రత్యేక విభాగంగా చూసే అంతర్జాతీయ సంఘం 1990లో ఏర్పడింది. అయితే ఆ రంగంలోని జ్ఞానం చాలావరకు బాలే నుంచి వచ్చింది. బాలే నర్తకి మునివేళ్ళపై లేస్తుంది, పాదరక్ష ధరిస్తుంది. కూచిపూడి నర్తకి పాదమంతా నేలపై తడుతుంది. ఒకరి వ్యాయామసూచీ మరొకరికి యథాతథంగా సరిపడదు. ‘నాట్యం మానేయండి’ అనే వైద్యునికీ ‘ఓర్చుకో, అదే పోతుంది’ అనే గురువుకూ నడుమ విద్యార్థిని నొప్పిని దాచుకుంటుంది. ఆ ఇద్దరికీ అర్థమయ్యే వర్ణన తయారుచేయడం లక్షణాన్ని చదివినవారు చేయదగిన పని. ఏ అడుగులో ఏ కీలు ఎంత వంగుతుంది, బరువు ఎప్పుడు మారుతుంది, ఏ జతి తరువాత విరామం ఉంది అన్నవి అందులో ఉండాలి.

4. తపస్సుగా మారిన నొప్పి

లక్షణగ్రంథం మౌనం వహించిన చోట సినిమా మాట్లాడింది, కాని మరో భాషలో. కె. విశ్వనాథ్ ‘సాగరసంగమం’ (1983) కథానాయకుడు బాలకృష్ణ మద్యానికి బానిసైన నర్తకుడు. క్షీణించిన శరీరంతోనే శిష్యురాలిని తీర్చిదిద్ది, ఆమె నర్తనం చూస్తూ మరణిస్తాడు. ఆ ముగింపు కరుణరసంలో సాటిలేనిది. ఆ రసానికి దేహనాశం ఇంధనం కావడం కూడా నిజమే. కళకోసం దేహం కాలిపోవాలన్న భావనకు అంతటి ఆకర్షణ ఇచ్చిన తెలుగు కృతి మరొకటి లేదనిపిస్తుంది.

సింగీతం శ్రీనివాసరావు ‘మయూరి’ (1985) సంగతి వేరు. 1981లో బస్సు ప్రమాదం తరువాత కుడికాలు కోల్పోయి, కృత్రిమపాదంతో 1984లో తిరిగి వేదిక ఎక్కిన భరతనాట్య నర్తకి సుధాచంద్రన్ జీవితం దానికి ఆధారం. ప్రధానపాత్రను ఆమే ధరించింది. తెలుగు ప్రేక్షకుల జ్ఞాపకంలో అది పట్టుదల కథ. పట్టుదలను తక్కువ చేయనక్కరలేదు. అయితే ఆ పాదం సంగతి విమర్శలో రావలసినంత రాలేదు. జైపూరులో డాక్టర్ పి. కె. సేఠీ, హస్తకళాకారుడు రామచంద్ర శర్మ రూపొందించిన ఆ రబ్బరు పాదం వట్టికాళ్ళతో నడిచేవారికోసం, గొంతుకూర్చునేవారికోసం, బాసింపట్టు వేసుకునేవారికోసం పుట్టింది. బూటులో ఇమిడేందుకు చేసిన పాశ్చాత్యపు కృత్రిమపాదం అరమండికి అంతగా ఒదగదు. అంటే ఈ నర్తకి పునరాగమనంలో మన నేలమీది కూర్చోవడం, నిలబడడం తెలిసిన చేతిపని ఒకటి ఉంది.

ఇక అభ్యాసం. తాళాన్ని నేల నుంచి వినే అరికాలు లేనప్పుడు ఆ పనిని పైకీళ్ళూ తొడకండరాలూ నేర్చుకోవాలి. బరువును ఎటు వేయాలో శరీరం మొదటినుంచి తెలుసుకోవాలి. మిగిలిన కాలు రాపిడికి తట్టుకునేలా చర్మం గట్టిపడాలి. ఇదంతా నెలల తరబడి కొద్దికొద్దిగా పెంచే క్రమం. ఒక పాట నిడివిలో ఇమిడేది కాదు. సినిమాకు కాలసంక్షేపం తప్పదు. విమర్శకు ఆ తొందర లేదు. ఆమెను ‘విధిని జయించిన నర్తకి’ అని రాసిన కలమే, ఆమె ఏ అడుగును మార్చుకుంది, ఏ భ్రమరిని ఏ కాలిపై తిప్పింది, భారం ఎడమవైపు ఒరిగినప్పుడు రేఖ ఎలా నిలిచింది అన్నవి కూడా రాయవలసి ఉండింది. అవి సౌందర్యప్రశ్నలే. పది ప్రాణాల్లో స్థిరత్వం, రేఖ, భ్రమరి మూడింటినీ ఆ ఒక్క దేహం కొత్తగా నిర్వచించింది.