మూడు స్తంభాల లెక్క

లో ఓల్టేజీ అంటే నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ఊళ్లలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కింట్లో ఫ్యాను గిర్రున తిరుగుతుంటే లైను చివరింట్లో ఈడ్చుకుంటూ తిరుగుతుంది. ఏ స్తంభం దగ్గర ఎంత ఓల్టేజీ ఉందో మీటరు పెట్టి చూడొచ్చు. తీగ లాగకముందే లెక్కగట్టే విద్య కూడా ఉంది. కంచికచర్ల, పరిటాల ఇంజనీరింగ్ కళాశాలల పిల్లలు దాన్ని పరీక్షతోనే వదిలేయకూడదని నా కోరిక.

ఒక వీధి అనుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 230 ఓల్టులు. అక్కడి నుంచి వరుసగా మూడు స్తంభాలు. ఒక్కో తీగముక్క నిరోధం, తిరుగు తీగతో కలిపి, అర ఓము. మొదటి స్తంభం కింది ఇళ్లు 8 ఆంపియర్లు, రెండోదాని కిందివి 5, మూడోదాని కిందివి 4 లాగుతున్నాయి. ఇది నోటిలెక్కే. మొదటి ముక్కలో 17 ఆంపియర్లు పారతాయి, 8.5 ఓల్టులు పోతాయి. రెండో ముక్కలో 4.5, మూడో ముక్కలో 2 పోతాయి. చివరింటికి దక్కేది 215.

ఇప్పుడు చివరి స్తంభం నుంచి ఇంకో అర ఓము తీగను తిప్పి ట్రాన్స్‌ఫార్మర్‌కు కలిపామనుకోండి. కరెంటు రెండు దారుల్లో వస్తుంది, ఏ దారిన ఎంతో ముందుగా తెలియదు. నోటిలెక్క ఇక్కడ సాగదు. 1845లో, 21 ఏళ్ల వయసులో కిర్కాఫ్ చెప్పిన సూత్రమే దిక్కు: ప్రతి స్తంభం దగ్గర వచ్చిన కరెంటూ పోయిన కరెంటూ సమానం. మూడు స్తంభాల ఓల్టేజీలను వరుసగా వి1, వి2, వి3 అందాం.

4 వి1 − 2 వి2 = 452
−2 వి1 + 4 వి2 − 2 వి3 = −5
−2 వి2 + 4 వి3 = 456

అర ఓము తీగ వాహకత 2. ప్రతి స్తంభాన్నీ రెండు తీగలు తాకుతున్నాయి కాబట్టి 4. ట్రాన్స్‌ఫార్మర్ వైపు నుంచి 230 రెట్లు 2, అంటే 460. అందులో ఇళ్లు లాగే 8 తీసేస్తే 452, ఆ చివర 4 తీసేస్తే 456. అసలు పనితనమంతా ఈ మూడు వరుసలు రాయడంలోనే ఉంది.

తర్వాతిది సాఫ్ట్‌వేర్ పని. ఉచితంగా దొరికే గ్నూ ఆక్టేవ్‌లో గుణకాల పట్టికకు జి అని, కుడివైపు సంఖ్యలకు ఐ అని పేరు పెట్టి, రెంటి మధ్య బ్యాక్‌స్లాష్ కొడితే జవాబు వస్తుంది: 225.25, 224.5, 226.25. చివరింటికి 11 ఓల్టులకు పైగా పెరిగింది. ఇప్పుడు అందరికంటే తక్కువ నడిమి స్తంభానిది.

బ్యాక్‌స్లాష్ వెనక జరిగేది ఒక్కో అవ్యక్తాన్నీ తొలగించుకుంటూ పోవడం. ఇలాంటి జంట లెక్కలు మనకు కొత్త కావు. 9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు కలిపి 107. 7 మాదీఫలాలు, 9 వెలగపండ్లు కలిపి 101. ఒక్కోటి ఎంత అని 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో అడిగాడు. జవాబు 8, 5. ఆ గ్రంథాన్నే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

పిల్లలు తప్పక చేసి చూడాల్సింది ఇంకొకటుంది. పై వీధిలో ట్రాన్స్‌ఫార్మర్‌కు వెళ్లే రెండు తీగలనూ సమీకరణాల్లోంచి తీసేయండి. ప్రతి వరుసలో గుణకాల మొత్తం సున్నా అవుతుంది, పట్టిక సింగ్యులర్ అని ఆక్టేవ్ హెచ్చరిస్తుంది. చాలామంది దాన్ని టైపింగ్ పొరపాటనుకుని వదిలేస్తారు. నిజానికి అది భౌతికశాస్త్రం చెబుతున్న మాట: ఓల్టేజీ అంటే తేడా మాత్రమే, ఎక్కడో ఒకచోట ఆధారం లేకపోతే దానికి విలువే లేదు. ఈ ఒక్క హెచ్చరిక నేర్పినంత నాకు తెలిసిన ఏ నిర్వచనమూ నేర్పదు.

ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం కరెంటు నింపే గ్రిడ్‌కు వేల సమీకరణాలు కావాలి. అయినా ఒక్కో సబ్‌స్టేషన్‌కు తగిలే లైన్లు కొన్నే కాబట్టి పట్టికలో దాదాపు అన్నీ సున్నాలే. ఆ సున్నాలను నిల్వ చేయకుండా, తొలగించే వరుసను తెలివిగా ఎంచుకునే పద్ధతిని 1967లో అమెరికాలో టిన్నీ, వాకర్ ప్రచురించారు. గ్రిడ్ లెక్కలో లోడును ఆంపియర్లలో కాక వాట్లలో ఇస్తారు, సంఖ్యలు సంకీర్ణాలవుతాయి, సమీకరణాలు సరళంగా ఉండవు. అప్పుడు న్యూటన్ పద్ధతిలో ఒక అంచనాతో మొదలుపెట్టి మళ్లీ మళ్లీ సరిదిద్దుకుంటూ పోతారు. ఆ ప్రతి విడతలోనూ చేసేది మూడు స్తంభాలకు చేసిన పనే.