ఫోర్‌కాస్ట్ ఫర్ ఓవర్‌లార్డ్: ఒక వాతావరణ శాస్త్రజ్ఞుని సాక్ష్యం

1944 జూన్ 6వ తేదీన మిత్రరాజ్యాల సేనలు ఇంగ్లీషు ఛానలు దాటి ఫ్రాన్సులోని నార్మండీ తీరాన దిగాయి. మొదటి రోజున ఓడలలోను, విమానాలలోను చేరినవారు సుమారు 1,56,000 మంది. దాడికి ఆజ్ఞ ఇచ్చిన సర్వసేనాని ఐసెన్‌హోవర్ సాహసాన్ని గురించి వ్రాసిన పుస్తకాలు కొల్లలు. ఆయన ఎదుట నిలబడి వాతావరణం ఎట్లా ఉండబోతున్నదో చెప్పిన జేమ్స్ స్టాగ్ వ్రాసినది మాత్రం వేరొక కోవకు చెందిన పుస్తకం. 1971లో వెలువడిన ‘ఫోర్‌కాస్ట్ ఫర్ ఓవర్‌లార్డ్’ను సైన్సు అధ్యాపకులు తప్పక చదవాలి. కాని కొంత జాగ్రత్తతో చదవాలి.

దాడికి తేదీని నిర్ణయించినది ముందుగా చంద్రుడు. విమానాలనుంచి దిగే దళాలకు రాత్రి వెన్నెల కావాలి. తీరంలో శత్రువు పాతిన అడ్డంకులు కనబడాలంటే, తెల్లవారే వేళకు సముద్రం బాగా వెనుకకు తగ్గి ఉండాలి. ఈ రెండూ కుదిరిన రోజులు జూన్ 5, 6, 7 మాత్రమే. ఒకే తీరంలో పున్నమికీ అమావాస్యకూ ఆటు ఇంచుమించు ఒకే వేళకు వస్తుంది. కనుక రెండు వారాలు ఆగితే ఆటు కుదురుతుంది, వెన్నెల కుదరదు. ఆటుపోట్ల పాఠానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

స్టాగ్ నిజానికి భూభౌతిక శాస్త్రజ్ఞుడు. వాతావరణ సూచనలు మూడు కేంద్రాలనుంచి వచ్చేవి. అమెరికన్ బృందం పాత సంవత్సరాల పటాలలో ఇటువంటి వాతావరణమే ఎప్పుడు వచ్చిందో వెదికేది. డన్‌స్టబుల్‌లోని బ్రిటిషు కేంద్రంలో నార్వే దేశీయుడైన పెటర్సన్ ఆకాశపు పైపొరల గాలులను పరిశీలించేవాడు. మూడవది బ్రిటిషు నౌకాదళానిది. 5వ తేదీ ఫరవాలేదని అమెరికన్లు, వీలులేదని డన్‌స్టబుల్ వారు టెలిఫోనులో వాదించుకొంటూ ఉంటే, ఆ తగవులోనుంచి సేనానికి ఒకే మాట చెప్పవలసినవాడు స్టాగ్. పుస్తకానికి ప్రాణం ఇక్కడనే ఉన్నది. 4వ తేదీ తెల్లవారుజామున దాడి ఒకరోజు వాయిదా పడింది. ఆ రాత్రి స్టాగ్, తుఫానుల నడుమ కొద్దిపాటి విరామం కనబడుతున్నదని చెప్పాడు. 5వ తేదీ తెల్లవారకముందే ఐసెన్‌హోవర్ తుది ఆజ్ఞ ఇచ్చాడు.

జాగ్రత్త వహించవలసినది దీని తరువాతనే. సూచన అక్షరాలా ఫలించిందని పాఠకుడు అనుకోగలడు, అది సరికాదు. 6వ తేదీన కూడా సముద్రం అల్లకల్లోలంగానే ఉన్నది. మేఘాలవల్ల ఒమాహా తీరంలో పడవలసిన బాంబులు లోపలి పొలాలలో పడ్డాయి. అక్కడ ఒక దళం నీటిలోకి దింపిన 29 తేలే టాంకులలో 27 మునిగిపోయాయి. ‘విరామం’ అన్న మాటకు అర్థం అంతవరకే.

ఆగి ఉంటే జూన్ 19న మొదలైన పెనుతుఫాను దాడిని ముంచేసేదని, కనుక నిర్ణయం సరియైనదని చాలమంది వాదిస్తారు. ఇది తర్కం కాదు. ఆ తుఫాను సంగతి 5వ తేదీన ఎవరికీ తెలియదు! ఆ గడియలో చేతిలో ఉన్న సమాచారాన్ని బట్టియే నిర్ణయాన్ని తూచాలి. ఐర్లండు పశ్చిమ తీరంలోని బ్లాక్‌సాడ్‌నుంచి వచ్చిన వాయుపీడనపు అంకెలు, మూడు కేంద్రాల భిన్నాభిప్రాయాలు, ఓడలలో ఇరుక్కొని వేచివున్న సైనికులు, ఆలస్యమైనకొద్దీ బయటపడే రహస్యం – తక్కెడలో ఉన్నవి ఇవి. స్టాగ్ గ్రంథం మొదటి రెండింటినీ బాగా చూపుతుంది. మిగిలిన బరువు ఆయన మోయలేదు. ఆయన పని కూడా కాదు. పెటర్సన్ తరువాత వ్రాసిన జ్ఞాపకాలను పక్కన పెట్టుకొని చదివితే మొదటి రెండింటిలో కూడా ఎవరి ఘనత ఎంత అన్నది కొంత మారుతుంది.

ఆ మిగిలిన బరువును తెలిపే పత్రం ఒకటి ఉన్నది. 5వ తేదీన ఐసెన్‌హోవర్ ఒక చిన్న కాగితం మీద దాడి విఫలమైతే వెల్లడించవలసిన ప్రకటనను స్వయంగా వ్రాసి, తప్పంతా తనదేనని ఒప్పుకొని, జేబులో పెట్టుకొన్నాడు. ఆందోళనలో కాబోలు, దానిమీద జూన్‌కు బదులు జులై 5 అని తేదీ వేశాడు.