నెలంటే ఎన్ని రోజులు?

రాజకీయ నాయకుల డొంకతిరుగుడు మాటల్ని వెక్కిరించడం తేలిక. వాటిని ఒక రచనలాగా వాక్యం వాక్యం చదవడమే మనం చెయ్యం. 2009 డిసెంబర్ 9 రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరం చేసిన ప్రకటన అలా చదవాల్సినది. కేసీఆర్ నిరాహార దీక్ష అప్పటికి 11వ రోజు. తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ ప్రారంభించబడుతుంది, అసెంబ్లీలో తగిన తీర్మానం ప్రవేశపెట్టబడుతుంది అని ఆ ఇంగ్లిష్ వాక్యాల సారం. మామూలుగా తెలుగులో ఈ 'బడు'ని వదిలించుకుంటాం. ఇక్కడ ఉంచే చదవాలి. ప్రారంభించేదెవరు? ఎప్పుడు? తీర్మానం ఓడిపోతే? వాక్యంలో కర్త లేడు, తేదీ లేదు. ఉన్నదల్లా 'ప్రక్రియ'.

మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది బాగా తెలిసిన మాటే. 'ఇన్ ప్రోగ్రెస్' అని పెట్టిన పని రేపే అయిపోవచ్చు, ఏళ్ల తరబడి అలాగే ఉండొచ్చు. ఎలా జరిగినా అబద్ధం చెప్పినట్టు కాదు. జనం మాత్రం 'తెలంగాణ వచ్చేసింది' అని విన్నారు, సంబరాలు చేసుకున్నారు. అలా వినబడేలాగే ఉంది ఆ వాక్యం.

డిసెంబర్ 23న రెండో ప్రకటన వచ్చింది. పరిస్థితి మారింది, పార్టీలు చీలిపోయాయి, విస్తృత సంప్రదింపులు కావాలి. సంప్రదింపులు కోరడం తప్పు కాదు. 'పార్టీలన్నీ ఒప్పుకుంటే' అని మొదటిరోజే అనుంటే ఆ మాట బలహీనంగా ఉండేది, కానీ నిజాయితీగా ఉండేది. షరతును చెప్పే ఆచితూచి మాట్లాడటం వేరు, షరతును దాచేది వేరు. 'రక్తపరీక్ష రిపోర్టు వచ్చాక చెప్తాను' అనే డాక్టరు మనల్ని మోసం చేయట్లేదు. శ్రీకృష్ణ కమిటీ ఒక్క జవాబుకి బదులు ఆరు ప్రత్యామ్నాయాలు ఇచ్చింది, కానీ దేనికి ఏ లాభమో ఏ నష్టమో రాసింది.

2012 డిసెంబర్ 28న అఖిలపక్షం తర్వాత అప్పటి హోంమంత్రి షిండే, నెలలో నిర్ణయం అన్నారు. ఎట్టకేలకు కొలవగలిగే మాట ఒకటి దొరికింది. తర్వాతి నెలలో గులాం నబీ ఆజాద్ వివరణ ఇచ్చారు: నెలంటే 30 రోజులు కాదు, వారమంటే ఏడు రోజులు కాదు. దాన్ని జోకుగా గుర్తుపెట్టుకున్నాం. నాకు అది అన్నింటికన్నా ప్రమాదకరంగా అనిపిస్తుంది. 'ప్రక్రియ', 'తగిన' పుట్టుకతోనే వదులు మాటలు. నెల అలా కాదు. జీతం, ఇంటద్దె, ఈఎంఐ అన్నీ దాని మీదే నడుస్తాయి. గట్టి మాటను కూడా వదులు చేసేస్తే నాయకుణ్ని నిలదీయడానికి మన చేతిలో ఏ మాటా మిగలదు.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది కదా, ప్రక్రియ నిజమే కదా అంటారు. నిజమే. ఆ నాలుగున్నరేళ్లలో ఎదురుచూసి ఎదురుచూసి ప్రాణాలు తీసుకున్న పిల్లలకి మాత్రం అది 'ఇన్ ప్రోగ్రెస్' దగ్గరే ఆగిపోయింది.