వేడికి దారి

ఏప్రిల్ సగం దాటిందంటే హైదరాబాద్‌లోని మల్కాజ్‌గిరి, ఆనంద్‌బాగ్, మీర్జాలగూడ వీధుల్లోని కంప్యూటర్ రిపేరు షాపులకు ఒకే రకం ఫిర్యాదు వస్తుంది. పొద్దున బాగానే పనిచేస్తుంది, మధ్యాహ్నం రెండు గంటలకల్లా నెమ్మదిస్తుంది, కాసేపటికి తనంతట తనే ఆగిపోతుంది. వైరస్ అనుకుంటారు. ర్యామ్ పోయిందనుకుంటారు. కొందరైతే విండోస్ మళ్లీ వేయించుకుని కూడా వస్తారు. అనుభవమున్న మెకానిక్ ఇవన్నీ వింటూనే స్క్రూడ్రైవర్ తీసుకుని క్యాబినెట్ పక్క డోర్ ఊడదీస్తాడు. ప్రాసెసర్ మీది హీట్‌సింక్ రేకుల సందుల్లో దుమ్ము పేరుకుపోయి ఉంటుంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది గానీ గాలి పోయే సందు లేదు. బ్లోయర్‌తో దుమ్ము కొట్టి, ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి, కొత్తది రాసి బిగిస్తే కంప్యూటర్ మళ్లీ మామూలుగా నడుస్తుంది. ఈ పనిని ఎవరూ విద్యగా లెక్కపెట్టరు. ఎండలు ముదరకముందే మిషన్ విప్పి శుభ్రం చేయించుకునే అలవాటు ఈ వీధుల్లో ఉన్నందువల్లే ఎన్నో పాత కంప్యూటర్లు ఇంకా బతికి ఉన్నాయి. అందుకే ఈ పనితనం గురించి వివరంగా రాయాలనిపించింది.

ప్రాసెసర్ తీసుకునే కరెంటంతా చివరికి వేడిగానే బయటపడుతుంది. 1993లో వచ్చిన తొలి పెంటియం వేడి 15 వాట్ల దరిదాపుల్లో ఉండేది. 2004లో ప్రెస్కాట్ పేరుతో వచ్చిన పెంటియం 4 రకాల్లో కొన్ని వంద వాట్లు దాటాయి. 2022లో వచ్చిన కోర్ ఐ9-13900కె పూర్తి వేగంలో 253 వాట్ల వరకు తీసుకోగలదు. ఈ వేడంతా పుట్టే సిలికాన్ ముక్క వైశాల్యం సుమారు 257 చదరపు మిల్లీమీటర్లు. అంటే ఒక్కో చదరపు సెంటీమీటరు నుంచి దాదాపు వంద వాట్లు. ఇంట్లో బట్టలకు వాడే వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె అడుగు భాగం కన్నా ఇది పదిరెట్లకు పైగా చిక్కటి వేడి. ఇస్త్రీపెట్టెకు కాలడమే పని, ప్రాసెసర్ మాత్రం ఆ వేడిలోనే తప్పు లేకుండా లెక్కలు చేస్తూ ఉండాలి.

కంప్యూటర్ల చరిత్రను ఈ వేడే ఒకసారి మలుపు తిప్పింది. ట్రాన్సిస్టర్లు చిన్నవవుతున్నకొద్దీ అవి తినే కరెంటు కూడా అదే లెక్కన తగ్గుతుందని 1974లో రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు చూపించారు. ఆ సూత్రం నడిచినన్నాళ్లూ వేగం పెంచుకుంటూ పోయారు. 2004 ప్రాంతానికి అది చెల్లకుండా పోయింది. ఆ ఏడాది మే నెలలో ఇంటెల్ తన తర్వాతి ప్రాసెసర్ తేజాస్‌ను మధ్యలోనే ఆపేసి, ఒకే చిప్‌లో రెండు కోర్లు పెట్టే దారి పట్టింది. ఈరోజు మన కంప్యూటర్లలో నాలుగు, ఎనిమిది, పదహారు కోర్లు ఉండటానికి మూలం అక్కడుంది.

చిప్‌లో పుట్టిన వేడి ముందు దాని లోహపు మూతకు చేరాలి. అక్కడి నుంచి పేస్టు ద్వారా కూలర్ అడుగున ఉన్న రాగికి, రాగి నుంచి అల్యూమినియం రేకులకు, రేకుల నుంచి ఫ్యాన్ తోసే గాలికి, క్యాబినెట్‌లోంచి గదిలోకి, గదిలోంచి బయటికి వెళ్లాలి. ఈ దారిలో ఎక్కడ అడ్డుపడినా మిగతావన్నీ ఎంత మంచివైనా ఉపయోగం ఉండదు. వేల రూపాయల కూలర్ కొనేవాళ్లు చాలామంది మరచిపోయేది ఇదే.

దారిలో అన్నిటికన్నా సున్నితమైనది పేస్టు. ప్రాసెసర్ మూత, కూలర్ అడుగు రెండూ కంటికి నున్నగానే ఉంటాయి గానీ సూక్ష్మంగా చూస్తే అన్నీ గుట్టలూ గుంతలే. ఒకదాని మీద ఒకటి ఆనించినప్పుడు గుట్టలు మాత్రం తాకుతాయి, గుంతల్లో గాలి ఉండిపోతుంది. వేడిని మోసే సామర్థ్యానికి శాస్త్రజ్ఞులు వాడే కొలతలో రాగిది సుమారు 400, గాలిది 0.026. ఆ కాస్త గాలి చాలు వేడిని నిలబెట్టేయడానికి. పేస్టు విలువ కూడా రాగితో పోలిస్తే చాలా తక్కువ, పదికి అటూ ఇటూ. కాబట్టి అది గుంతల్లోని గాలిని వెళ్లగొట్టేంత ఉంటే చాలు. శనగగింజంత పేస్టు నడిమధ్యన పెట్టి కూలర్‌ను సమంగా నొక్కితే అదే పల్చగా పరుచుకుంటుంది. ట్యూబు సగం పూసేస్తే మందపాటి పొరే మరో అడ్డంకి అవుతుంది. పాత పేస్టు మీద కొత్తది రాయడం అసలు తగదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన నూగు రాలని గుడ్డతో రెండు వైపులా మెరిసేదాకా తుడవాలి.

కూలర్ ఊడదీయడంలోనే పనితనం తెలుస్తుంది. ఏఎండీ ఏఎం4 రకంలో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. పేస్టు గట్టిపడి ఉన్నప్పుడు కూలర్‌ను నేరుగా పైకి లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. తెలిసినవాళ్లు ముందు కంప్యూటర్‌ను కాసేపు నడిపి, పేస్టు మెత్తబడ్డాక కరెంటు తీసేసి, కూలర్‌ను కుడికీ ఎడమకూ మెల్లగా తిప్పి విడదీస్తారు. ఇంటెల్ పెట్టెలో వచ్చే కూలర్‌కు నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి. వాటిని ఎదురెదురు మూలల జంటలుగా, టక్కుమని వినబడేదాకా నొక్కాలి. ఒక్క పిన్ను సరిగా దిగకపోయినా ఓ మూల లేచి ఉంటుంది, ప్రాసెసర్ మరుగుతూనే ఉంటుంది. బోర్డు వెనక్కి తిప్పి నాలుగు కాళ్లూ దిగాయో లేదో చూసే మెకానిక్‌కు మీ మిషన్ నిశ్చింతగా ఇవ్వొచ్చు.

కాస్త మంచి కూలర్లలో కనబడే రాగి గొట్టాలు ఘనమైన కడ్డీలు కావు. వాటి లోపలి గాలి తీసేసి కొద్దిగా నీళ్లు పోసి మూసేస్తారు. ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు కొద్ది వేడికే ఆవిరై, రేకులున్న చల్లటి చివరకు వెళ్లి మళ్లీ నీళ్లవుతాయి. గొట్టం లోపలి గోడకున్న సన్నటి రంధ్రాల పొర ఆ నీటిని వెనక్కి పీల్చుకుంటుంది. మోటారు లేదు, కరెంటు అక్కర్లేదు. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ అంతరిక్ష అవసరాల కోసం రూపొందించిన పద్ధతి ఇప్పుడు మన బల్లల మీదికి వచ్చింది. ఈ శాస్త్రానికే జీవితంలో పెద్ద భాగం ఇచ్చిన వారిలో సురేశ్ గరిమెళ్ల ఒకరు. ఐఐటీ మద్రాసులో చదివి, పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్ పరికరాలను చల్లబరచడం మీద ప్రత్యేక పరిశోధన కేంద్రాన్ని నడిపారు.

ఇక గది సంగతి. మన ఊళ్లో అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. గాలితో చల్లబడేదైనా నీళ్లతో చల్లబడేదైనా కూలర్ ప్రాసెసర్‌ను గది కన్నా చల్లగా చేయలేదు. అదే పనికి డిసెంబరులో 22 డిగ్రీల గదిలో 70 డిగ్రీలు చూపిన ప్రాసెసర్, మేలో 42 డిగ్రీల గదిలో 90 చూపిస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్లు చాలావరకు 100 డిగ్రీల దగ్గర, ఏఎండీ రైజెన్ 7000 రకాలు 95 దగ్గర తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. మధ్యాహ్నం రెండింటికి కంప్యూటర్ నెమ్మదించడానికి కారణం అదే. పై అంతస్తులో, రోజంతా ఎండకు కాగిన స్లాబు కింద, తలుపులు మూసిన చిన్న గదిలో కంప్యూటర్ కూడా తన వంతు వేడి కలుపుతుంది. దానికి తోడు చాలా ఇళ్లలో కంప్యూటర్ టేబుల్‌కు క్యాబినెట్ పెట్టే మూసిన అర ఒకటి ఉంటుంది. అందులో క్యాబినెట్ వెనక వదిలిన వేడిగాలినే ముందు నుంచి మళ్లీ పీల్చుకుంటుంది. ఆ అర నుంచి క్యాబినెట్ బయటికి తీసి, గోడకు జానెడు దూరంలో పెట్టడం రూపాయి ఖర్చు లేని వైద్యం.

ఎయిర్ కూలర్ ఉన్న ఇళ్లలో గది గాలి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది, అది మేలే. క్యాబినెట్‌ను మాత్రం దానికి ఎదురుగా పెట్టకూడదు. తడిగాలికి దుమ్ము రేకుల మీద అట్టకడుతుంది, బ్లోయర్‌కు కూడా ఊడదు.

మల్కాజ్‌గిరి ప్రాంతానికి కంప్యూటర్ కొత్త కాదు. ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ మొదలైంది. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు, ఏ.ఎస్.రావు నగర్ ఆయన పేరు మీదే ఉంది. టీడీసీ-12, టీడీసీ-316 వంటి దేశీయ కంప్యూటర్లు ఈసీఐఎల్ నుంచే వచ్చాయి. ఆ తరం యంత్రాలకు చల్లటి గది ముందే సిద్ధం చేసేవారు. ఇంటి కంప్యూటర్ వచ్చాక ఆ బాధ్యత ఇంటివాళ్ల మీద, వీధి మెకానిక్ మీద పడింది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అందరూ సీటీసీ అనే చోట, ముందంతా అద్దంతో రంగు దీపాలతో మెరిసే క్యాబినెట్లు వరుసగా కనబడతాయి. పిల్లలు వాటినే అడుగుతారు. నా మాటగా చెబుతున్నాను, మన దుమ్ముకూ మన ఎండకూ ముందు జాలీ, దాని వెనక తీసి కడుక్కునే వడపోత ఉన్న క్యాబినెట్టే సరైనది. ముందు నుంచి గాలి తీసుకునే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు, వెనక వదిలేది ఒకటి ఉంటే, లోపలికొచ్చే గాలి కాస్త ఎక్కువై సందుల నుంచి దుమ్ము దూరదు. 65 వాట్ల ప్రాసెసర్‌కు నీళ్ల కూలర్ అనవసరం. పంపు ఎప్పటికైనా అరుగుతుంది. మామూలు టవర్ కూలర్‌లో అరిగేది ఫ్యాన్ ఒక్కటే, దాన్ని మార్చుకోవచ్చు.

ఇంకా మంచి దారి వేడిని పుట్టకుండా ఆపడం. ప్రాసెసర్ తినే కరెంటు దాని వేగాన్ని బట్టి, వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. వోల్టేజీ పదో వంతు తగ్గితే, అదే వేగంలో లెక్కలకయ్యే కరెంటు దాదాపు అయిదో వంతు తగ్గుతుంది. బయోస్‌లో పవర్ లిమిట్ తగ్గించినా, రైజెన్‌లో ఎకో మోడ్ పెట్టినా ఈ సూత్రమే పనిచేస్తుంది. 170 వాట్లకు రూపొందించిన రైజెన్‌ను కూడా 65 వాట్ల ఎకో మోడ్‌లో నడపొచ్చు. వేగంలో కొంత పోతుంది, వేడిలో అంతకన్నా చాలా ఎక్కువ పోతుంది. మే నెలకు ఇంతకన్నా మంచి బేరం లేదు.

శుభ్రం చేసేటప్పుడు ప్లగ్గు తీసి, బాల్కనీలోనో డాబా మీదో పని పెట్టుకోవాలి. ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకుని బ్లోయర్ కొట్టాలి, లేకపోతే గాలి వేగానికి గిరగిరా తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బాను బయటి నుంచి ఊదడం వరకే, విప్పకూడదు. కరెంటు తీసేశాక కూడా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజీ మిగిలి ఉంటుంది.

పెళ్లి పత్రికలు చేసే డీటీపీ సెంటర్లలో, జిరాక్స్ షాపుల్లో, ఇంజనీరింగ్ పిల్లలున్న ఇళ్లలో పాత ఐ3లు, కోర్ టూ డ్యుయోలు ఇప్పటికీ అన్నం పెడుతున్నాయి. కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు. ఆ మిషన్లను నిలబెడుతున్న మెకానిక్‌కు మనం "దుమ్ము కొట్టినందుకు" డబ్బులిస్తున్నామనుకుంటాం. అతని పనిని కొలిచే వీలు ఉంది, ఎవరూ కొలవడం లేదు. హెచ్‌డబ్ల్యూమానిటర్ లాంటి ఉచిత ప్రోగ్రాం తెరిచి, ప్రాసెసర్‌కు పది నిమిషాలు పూర్తి పని పెట్టి, విప్పకముందు ఎన్ని డిగ్రీలు, బిగించాక ఎన్ని డిగ్రీలు, అప్పుడు గదిలో ఎన్ని డిగ్రీలు అని మూడు అంకెలు బిల్లు మీద రాయమని అడగండి. మరుసటి మార్చిలో అదే బిల్లు తీసుకుని వెళ్లండి.