ఆ డోలు ఎవరిది?

పోయిన చలికాలంలో ఒక మెసేజ్ వచ్చింది. "అన్నా, మా నాయిన డోలు గొట్టిన ఒగ్గుకథ ఏదన్న నీ తాన ఉంటే పంపవా?" మా చిల్పూరు పక్క పల్లె పిలగాడు. వాళ్ల నాయిన పోయి అప్పటికి మూడు నెలలు.

నా దగ్గర ఉండాలి. ఊరికి పోయినప్పుడల్లా ఎవరి ఫోన్లో ఏ ఒగ్గుకథ ఉన్నా అడిగి తెచ్చుకుని, హైదరాబాద్‌లో హార్డ్ డిస్కులో దాచుకోవడం నాకు పదేళ్లుగా అలవాటు. ఊళ్లో నన్ను "కథలు జమజేసేటోడు" అంటారు. ఆ రాత్రి ఫోల్డర్ తెరిచాను. నూట పన్నెండు ఫైళ్లు. "ఒగ్గుకథ 1". "ఒగ్గుకథ 2 కొత్తది". "మల్లన్న కథ ఫుల్". "రికార్డింగ్ 004". "ఏయూడీ-20190217-డబ్ల్యూఏ0012". వీటిలో ఆయన డోలు ఏది?

ఆ చివరి పేరు చూస్తే కనీసం తేదీ ఉంది కదా అనిపిస్తుంది. అది కథ చెప్పిన తేదీ కాదు, వాట్సాప్‌లో నాకు చేరిన తేదీ. కథ అంతకు ఐదేళ్ల ముందు చెప్పిందైనా కావచ్చు. ఎవరు చెప్పారో, ఎక్కడ చెప్పారో, వంత ఎవరో అందులో లేదు. నూట పన్నెండు ఫైళ్లు దాచాను గానీ, ఒక మనిషిని వెతికితే దొరకలేదు. ఆ రాత్రి నాకు నిజంగా సిగ్గేసింది.

ఫైలుకు పేరు పెట్టడం గుమాస్తా పని అని మనలో చాలామందికి ఒక చిన్నచూపు. నా మట్టుకు నాకు అదే మొదటి విమర్శ అనిపిస్తోంది. ఒక ప్రదర్శనలో దేన్ని గుర్తుపెట్టుకోవాలో, దేన్ని వదిలేయొచ్చో పేరు పెట్టేవాడు ముందే తేల్చేస్తాడు. "ఒగ్గుకథ 1" అని రాసినవాడి తీర్పు ఏమిటంటే, ఒగ్గుకథలన్నీ ఒకటే, ఎవరు చెప్పినా ఒకటే.

దీనికి పూర్తి ఎదురుగా ఉండే అలవాటు అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బ్యాండ్ అభిమానులది. కచేరీలను రికార్డు చేసుకోవడానికి, పంచుకోవడానికి ఆ బ్యాండ్ ఒప్పుకుంది. 1984లో రికార్డు చేసేవాళ్ల కోసం ప్రత్యేకంగా సీట్లే కేటాయించింది. వాళ్లు ఫైళ్లకు పేరు పెట్టే తీరు చాలా సాదా. బ్యాండ్ పేరుకు రెండక్షరాలు, ఆ తర్వాత ఏడాది, నెల, రోజు. ఏడాది ముందుంటే కంప్యూటర్ వాటిని తనంతట తానే కాలక్రమంలో పేరుస్తుంది. తోడుగా ఒక చిన్న టెక్స్ట్ ఫైలు పెడతారు. ఎక్కడ పాడారు, ఏ పాట తర్వాత ఏ పాట, ఏ మైకుతో పట్టారు, ఎన్ని చేతులు మారి వచ్చింది అన్నీ అందులో ఉంటాయి. 1977 మే 8న కార్నెల్ యూనివర్సిటీలో జరిగిన కచేరీని వాళ్లు ఈరోజుకీ తేదీతోనే పిలుచుకుంటారు. అదే పాట నిన్న పాడినట్టు ఇవాళ ఉండదని నమ్మినవాళ్లే అట్లా తేదీ రాసుకుంటారు.

మనకూ ఆ నమ్మకం కొత్తేం కాదు. ఆకాశవాణిలో కర్ణాటక కచేరీ విన్నవాళ్లకు గుర్తుంటుంది. గాత్రం ఎవరు, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అని చెప్పాకే కచేరీ మొదలయ్యేది. ఇక పాట కట్టినవాడు తన పేరును పాటలోనే దాచుకున్నాడు. త్యాగయ్య తన పేరే పెట్టుకున్నాడు, క్షేత్రయ్య మువ్వగోపాలుణ్ణి పెట్టుకున్నాడు. దాన్ని ముద్ర అంటాం. ఆ ముద్రను ఏ ఫోనూ చెరపలేదు. కథ చెప్పేవాడికి, డోలు కొట్టేవాడికి అట్లాంటి ముద్ర లేదు. రికార్డింగులో వాళ్లకు ముద్ర అంటూ ఉంటే అది ఫైలు పేరే.

ఒగ్గుకథ విన్నవాళ్లకు తెలుసు, అందులో ఏ రాత్రీ ఇంకో రాత్రిలా ఉండదు. మేడలమ్మతో మల్లన్న లగ్గం ఒక రాత్రి గంటసేపు సాగుతుంది, ఇంకో రాత్రి కోడి కూసే వేళైందని పది నిమిషాల్లో ముగుస్తుంది. ముందు నిలబడి చెప్పేవాడు ఒక్క మాట వదిలితే వంత అందుకుంటుంది, డోలు దానికి జవాబిస్తుంది. డోలు తప్పిస్తే కథ సగమే. అయినా పోస్టర్ల మీద, క్యాసెట్ల మీద, ఇప్పుడు వీడియోల మీద ఒక్క పేరే, దాని పక్కన "మరియు బృందం". తెలుగులో ఇంతమందిని ఒక్కసారిగా మింగేసే మాట ఇంకోటి లేదేమో. నాకు మెసేజ్ పెట్టిన పిలగాడి నాయిన బతికినన్నాళ్లూ ఆ "బృందం"లోనే ఉన్నాడు.

పేరున్నవాళ్లకైనా న్యాయం జరిగిందా అంటే అదీ అనుమానమే. మా జనగామ జిల్లా మాణిక్యాపురం వాడైన చుక్క సత్తయ్య ఒగ్గుకథకు దేశమంతా పేరు తెచ్చాడు, 2017లో కన్నుమూశాడు. నా ఫోల్డర్‌లో ఆయన పేరుతో ఆరు ఫైళ్లున్నాయి. మా పెద్దబాపు విని, రెండింటిలో గొంతు ఆయనది కాదు పొమ్మన్నాడు. ఎవరో అనామకుడి కథకు పెద్దపేరు తగిలిస్తే పదిమంది వింటారని తగిలించి ఉంటారు. అట్లా ఒక కళాకారుడి పేరు బ్రాండ్ అయిపోయింది, ఇంకొకడి కథ ఆ పేరు కింద పడి మాయమైంది.

పుస్తకాల్లో ఇంతకంటే మెరుగైన పద్ధతి ఉంది. పల్నాటి వీరుల కథ మీద జీన్ రాఘైర్ ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఆయన అనువదించింది అలిశెట్టి గాలెయ్య అనే కథకుడు పాడిన పాఠం, ఆ పేరు పుస్తకంలో ఉంది. పల్నాటి కథ అందరిదీ. ఆ పాఠం గాలెయ్యది. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజమని ఒప్పుకుంటే చాలు, పేర్లు పెట్టే పనిలో సగం చిక్కు విడిపోతుంది.

మిగతా సగం ఊళ్లది. నా పాత ఫైళ్లలో కొన్నిటికి "వరంగల్ జిల్లా" అని ఉంది. 2016లో జిల్లాలు విడిపోయాక చిల్పూరు జనగామకు వచ్చింది, కొమురవెల్లి సిద్దిపేటకు పోయింది. మల్లన్న గుడి ఉన్నచోటే ఉంది, చిరునామా మారింది. అందుకే ఇప్పుడు ఫైలు పేరులో ఊరు మాత్రమే రాస్తున్నాను. జిల్లా సంగతి తోడుండే టెక్స్ట్ ఫైలులో రాస్తాను, అప్పటిదీ ఇప్పటిదీ రెండూ.

అన్నీ రాయాలా అంటే అక్కడ నాకూ తటపటాయింపు ఉంది. ఒగ్గుకథ అన్నిసార్లూ స్టేజీ మీద జరగదు. పట్నం వేసుకున్న ఇంటి వాకిట్లోనూ జరుగుతుంది. అక్కడ ఆ ఇంటి మొక్కు ఉంటుంది, వాళ్ల కష్టం ఉంటుంది, నడుమ ఎవరో ఏడుస్తుంటారు. గ్రేట్‌ఫుల్ డెడ్ అభిమాని టికెట్ కొనుక్కుని పోయాడు, నేను అట్లా పోలేదు. కాబట్టి కళాకారుల పేర్లు వాళ్లను అడిగి రాస్తాను. ఇంటివాళ్ల పేరు రాయను. ఇంటి కథలను వాళ్ల ఒప్పుదల లేకుండా ఎవరికీ పంపను. ఇంతకుముందు ఈ తేడా లేకుండా పంపేశాను. అది నా తప్పు.

ఇక ఆ డోలు సంగతి. పెద్దబాపును పక్కన కూర్చోబెట్టుకుని రెండు ఆదివారాలు విన్నాను. పది ఫైళ్లకు "గాయిన గాదు" అన్నాడు. పదకొండోదానికి చెయ్యెత్తి ఆపాడు. "ఆగు బిడ్డా. గీ దెబ్బ ఇను. కథ చెప్పేటాయిన మాట మరిసిపోయిండు, గాయినకు యాదికొచ్చేదాన్క డోలు నడిపిస్తుండు. గట్ల నడిపేది ఆయనొక్కడే."

నేను ఆ ఫైలును కనీసం నాలుగుసార్లు విని ఉంటాను. ఆ చోట కథకుడు తడబడ్డాడని కూడా గమనించలేదు, డోలు దాన్ని అంత బాగా కప్పింది. ఏళ్ల తరబడి "జానపద కళ" గురించి మాట్లాడిన నాకంటే, ఏ వ్యాసమూ చదవని పెద్దబాపు గొప్ప విమర్శకుడని ఆ రోజు తెలిసింది. భయమూ వేసింది. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. నా హార్డ్ డిస్కుకు అసలు కేటలాగు ఆయన చెవుల్లోనే ఉంది.

మొత్తం మూడు ఫైళ్లు తేలాయి. ఏడాది, ఊరు, కథ, కథకుడు, వంత, డోలు అన్నీ వరుసగా పేరులో రాశాను. తేదీ తెలియనిచోట ఏడాది ఒక్కటే రాసి వదిలేశాను, ఊహించి నింపలేదు. వాట్సాప్‌లో ఆడియోగా పంపితే పేరు మారిపోతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపాను. ఫైలు లోపలి ట్యాగుల్లోనూ అవే వివరాలు పెట్టాను.

సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు ఆ పిలగాడు కలిశాడు. ఫోన్ తీసి చూపించాడు. నేను అంత జాగ్రత్తగా రాసిన పేరు లేదు. తీసేసి "నాయిన 1", "నాయిన 2", "నాయిన 3" అని పెట్టుకున్నాడు.

నాకేం అనాలో తోచలేదు. వాడికి ఆ పేరే సరైంది. కానీ ఆ ఫైలు వాడి ఫోన్ దాటి పోతే, "నాయిన 2" ఇంకెవరికి ఏం చెబుతుంది? "ఎవరికన్న పంపేటప్పుడు నేను పెట్టిన పేరుతోనే పంపరా" అన్నాను. సరే అన్నాడు.