శ్రమ విజయం: వస్తువూ, శిల్పమూ

శ్రామికుణ్ణి ఎంత పెద్దగా చూపిస్తే శ్రమను అంత గౌరవించినట్టని మన రచయితల్లో ఒక అభిప్రాయం బలంగా ఉంది. దీన్ని పరీక్షించడానికి మద్రాసు మెరీనా తీరంలోని 'శ్రమ విజయం' శిల్పం మంచి ఆధారమని నా ఉద్దేశం.

1929 నుంచి 1957 దాకా మద్రాసు చిత్రకళా పాఠశాలకు అధిపతిగా ఉన్న దేవీప్రసాద్ రాయ్ చౌధురి దీన్ని కంచులో మలిచాడు. 1959లో ప్రతిష్ఠించారు. 1923లో సింగారవేలు చెట్టియార్ మేడే జరిపింది కూడా మద్రాసు సముద్రతీరంలోనే. మనిషి కొలతను మించిన నలుగురు మగవాళ్లు ఒక బండను కదిలించడానికి పెనుగులాడుతుంటారు. విజయం పేరులో ఉంది. కంచులో ఉన్నది పెనుగులాట. బండ లొంగిన క్షణాన్ని కాక, లొంగకముందు క్షణాన్ని ఎన్నుకోవడంలోనే శిల్పి నిజాయితీ ఉంది. ఆఖరి పేరాలో ఎర్రజెండా ఎగరేసి కథ ముగించే మనవాళ్లు దీన్ని గమనించాలి.

అయితే వస్తువు సంగతేమిటి? మా నాన్న పత్తి మిల్లులో హమాలీ. యూనియన్ వాళ్లతో మద్రాసు వెళ్లినప్పుడు ఈ శిల్పం ముందు తీయించుకున్న ఫొటో నా దగ్గరుంది. నాన్న తల దిమ్మె అంచు దాటలేదు. బేళ్లు మోసి మోసి ఆయన కుడిభుజం కిందికి జారిపోయింది. పైనున్న కండల్లో అలాంటి గుర్తు ఒక్కటీ లేదు. ఆకలి లేదు, అరుగుదల లేదు. దేశంలో ఏ కట్టడం దగ్గర చూసినా రాళ్లూ మట్టీ నెత్తిన మోసే ఆడకూలీ కనిపిస్తుంది. ఈ నలుగురిలో ఆమెకు చోటు లేదు.

శ్రామికుణ్ణి దీనుడిగా చూపాలా అని కొందరు అడగవచ్చు. అక్కర్లేదు. శ్రమ దేహాన్ని పెంచడమే కాదు, తింటుంది కూడా. ఈ రెండో సగాన్ని వదిలేస్తే మిగిలేది పూజావిగ్రహం. దిమ్మె మీది మనిషికి దండం పెట్టి, కింద నిలబడ్డవాడి కూలి గురించి మాట్లాడకుండా వెళ్లిపోవడం ఎవరికైనా సులభమే.

కాబట్టి శ్రామికుణ్ణి పెంచి రాయవద్దు, తగ్గించీ రాయవద్దు. బండ బరువెంతో, అది ఎవరిదో, దాన్ని జరిపినందుకు దక్కిన కూలి ఎంతో రాయండి.