అభ్యాస ప్రశ్నల ఎంపిక: ఒక విమర్శ

భువనగిరి ఏకశిల క్రింద నిలిచి తల ఎత్తి చూచిన కొత్తవానికి అది ఎక్కరాని గోడవలె తోచును. 2014 మే 25న ఎవరెస్టు శిఖరమును చేరిన గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్‌లు తొలి శిక్షణ పొందినది ఈ రాతిమీదనే. తరువాత డార్జిలింగు, ఆపైన లడఖ్ చలి, పిమ్మటనే ఎవరెస్టు. ఏ మెట్టు తరువాత ఏ మెట్టు అన్నది నిర్ణయించుటలోనే శిక్షకుని నేర్పు ఉన్నది.

కంప్యూటరుకు ప్రోగ్రాము వ్రాయుట ఇంటర్‌నెట్ ద్వారా నేర్చుకొను విద్యార్థికి కావలసినదియు ఇట్టి నేర్పే. మన దేశములో 2009లో కోడ్‌చెఫ్, రష్యాలో 2010లో కోడ్‌ఫోర్సెస్ వెలసినవి. ఇట్టి చోట్ల ప్రశ్నలు వేలకొలది కలవు. జవాబు పంపినచో యంత్రము దానిని పరీక్షించి, తప్పో ఒప్పో వెంటనే చెప్పును. కాని ఇన్ని ప్రశ్నలలో ఈ విద్యార్థి ఇప్పుడు చేయదగినది ఏది? ఈ ఎంపికకు వాడుకలోనున్న పద్ధతులు ముఖ్యముగా మూడు.

మొదటిది అంకెల పద్ధతి. అమెరికాలో స్థిరపడిన భౌతికశాస్త్రజ్ఞుడు అర్పాద్ ఎలో చదరంగపు ఆటగాండ్ర బలమును కొలుచుటకు ఒక లెక్క కల్పించెను. 1960లో అమెరికా చదరంగ సమాఖ్య దానిని స్వీకరించినది. కోడ్‌ఫోర్సెస్ అట్టి లెక్కనే విద్యార్థికిని, ప్రశ్నకును కూడ వర్తింపజేసినది. ఇద్దరి అంకెలు సమానమైనచో విద్యార్థి గెలుచుటకు సగము అవకాశము. ప్రశ్న అంకె 400 ఎక్కువైనచో ఆ అవకాశము పదకొండింట ఒకటి మాత్రమే. శక్తికి కొంచెము మించిన ప్రశ్నను వెదకుటకు ఇది చక్కని సాధనమే.

దీని లోపమును ఒక ఉదాహరణముతో చూడవచ్చును. 1 నుండి ఎన్ వరకు గల సరిసంఖ్యల మొత్తము కనుగొనవలెననుకొందము. పైథాన్ భాషలో రేంజి(1, ఎన్) అని వ్రాసినచో లెక్క ఎన్ కంటె ఒకటి తక్కువ దగ్గరనే ఆగును. ఎన్ 5 అయినచో 6 అను సరియైన జవాబే వచ్చును. ఎన్ 6 అయినచో 12 రావలసినచోట 6 వచ్చును. ఒక విద్యార్థి ఈ పొరపాటు చేసెను. తెలుగు మాధ్యమములో చదివిన మరియొకడు ఇంగ్లీషులోనున్న ప్రశ్న వాక్యమే అర్థముగాక తప్పెను. యంత్రము ఇద్దరికిని ‘తప్పు’ అనియే చెప్పి, ఇద్దరి అంకెను తగ్గించి, సులభమైన ప్రశ్ననే చూపును. అది ఇద్దరికిని సరియైన మందు కాదు. మొదటివానికి హద్దుల మీద మరి రెండు లెక్కలు కావలెను. రెండవవానికి అదే ప్రశ్న తెలుగులో కావలెను.

రెండవది గుంపు పద్ధతి: ‘ఈ ప్రశ్న చేసినవారు ఆ ప్రశ్నయు చేసిరి’ అని చెప్పుట. సరకులమ్ము దుకాణములకు ఇది తగినదే. సరకు విషయములో కొనువాని అభిరుచియే ముఖ్యము. చదువులో విద్యార్థికి రానిదే ముఖ్యము. పైగా పలువురు నడచిన బాట సులభమైనది కావచ్చును గాని మేలైనదని చెప్పలేము.

మూడవది మెలకువల పద్ధతి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన కార్బెట్, ఆండర్సన్‌లు లిస్ప్ అను ప్రోగ్రాము భాషను బోధించు యంత్రముకొరకు దీనిని రూపొందించి 1995లో ప్రకటించిరి. ఒక్కొక్క మెలకువకు నాలుగు అవకాశముల లెక్క ఉండును: ముందే తెలిసియుండుట, అభ్యాసములో నేర్చుకొనుట, తెలిసియు జారుట, తెలియకయే ఊహించి గెలుచుట. ఆ మెలకువ పట్టుబడిన అవకాశము నూటికి 95 చేరువరకు దానికి సంబంధించిన ప్రశ్నలే వచ్చును. మూడింటిలో ఇదియే ఉపాధ్యాయుని ఆలోచనకు దగ్గరైనది. కాని నేర్చినదానిని విద్యార్థి మరచునను సంగతి మూలరూపములో లేదు. మెలకువల పట్టికను నిపుణులు ముందుగా తయారుచేయవలెను. ‘ప్రశ్న చదివి గ్రహించుట’ ఆ పట్టికలో లేనిచో తెలుగు విద్యార్థి ఇబ్బంది ఇక్కడను కనబడదు.

ఇది చిన్న లోపము కాదు. వరుసగా పది ‘తప్పు’లు చూచిన పిల్లవాడు తనకు ఈ విద్య అబ్బదని నమ్మి మానివేయును. కొరవడినది బుద్ధి కాక, రెండు ఇంగ్లీషు మాటలే కావచ్చును.

ఇందు ఉపాధ్యాయుడు చేయదగిన పని కలదు. విద్యార్థి తప్పినప్పుడు మొదట ప్రశ్నను అతని మాటలలో తెలుగున చెప్పించవలెను. తరువాత ఎన్‌కు 1, 2, 6 వంటి చిన్న విలువలనిచ్చి కాగితము మీద చేయించవలెను. చెప్పలేకపోయినచో లోపము భాషలో; చెప్పి చేయలేకపోయినచో ఆలోచనలో; రెండును చేసినచో ప్రోగ్రాము వ్రాతలో. ఆ తరువాతనే యంత్రము చూపిన ప్రశ్నల నుండి ఎన్నుకొనవలెను. అంకె ఎంత ఎత్తు ఎక్కవలెనో చెప్పగలదు. కాలు ఎక్కడ జారినదో దగ్గర నిలిచి చూచినవారే చెప్పగలరు.